నాన్న మూడు డ్యూటీలు

మా నాన్న జీవితాన్ని అమ్మ మూడు డ్యూటీలుగా లెక్కేసేది. మొదటిది మిలిటరీ. రెండోది విశాఖ ఉక్కు కర్మాగారం. మూడోది, వీక్లీ ఆఫ్ వచ్చిందంటే చాలు స్కూటర్‌కి గాలం కర్ర కట్టుకుని ఏ గెడ్డ ఒడ్డుకో, ఏ కొండ మీదికో వెళ్లిపోవడం. "ఆ రెండిటికీ జీతమైనా ఇచ్చారు, ఈ మూడోదానికి పెట్రోలు కూడా మనదే" అనేది.

2024లో నాన్న పోయాక, సంవత్సరీకం నాటికి ఆయన గురించి ఒక చిన్న పుస్తకం వేసి బంధువులకీ స్నేహితులకీ పంచుదామని అన్నయ్యా నేనూ అనుకున్నాం. రాసే పని నా మీద పడింది. నాన్న మాటకారి కాదు. యుద్ధం గురించి అడిగితే చలి గురించి చెప్పేవాడు, ప్లాంట్ గురించి అడిగితే వేడి గురించి చెప్పేవాడు, అక్కడితో సరి. అందుకని రాయడం కన్నా ముందు వెతకడమే పెద్ద పని అయింది. ఇంట్లో రిటైరైన జవాను ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఆ వెతుకులాట సంగతి రాస్తున్నాను.

మొదలైంది ఫ్యామిలీ పెన్షన్ కాగితాలతో. అటక మీద నల్ల రేకు పెట్టె ఒకటి ఉండేది, మూత మీద తెల్ల రంగుతో నాన్న నంబరు, ర్యాంకు, పేరు. డిస్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు చేసిన ఉత్తర్వు) అందులోనే ఉన్నాయి. తీరా చూస్తే ఆర్మీ రికార్డుల్లో అమ్మ పేరు చివర 'అమ్మ' లేదు, ఆధార్‌లో ఉంది. ఇద్దరూ ఒక మనిషేనని అఫిడవిట్ చేయించాల్సి వచ్చింది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఫారాలు చూసిన పెద్దాయన కూడా ఒకప్పటి హవల్దారే. "సగం కేసులు ఇవేనమ్మా, బతికుండగా ఎవరూ సరిచూసుకోరు" అన్నాడు. ఇప్పుడు పెన్షన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వచ్చాయి కాబట్టి ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు ఆగిపోతుంది. మీ ఇంట్లో పీపీఓ ఉంటే ఈ వారమే తీసి, భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో చూడండి. ఈ టెన్షన్ ఎలా ఉంటుందో మేం చూశాం.

పెన్షన్ పని నడుస్తుండగా నేను డిస్చార్జ్ బుక్ చదవడం మొదలుపెట్టాను. పట్టుమని పది వాక్యాలు లేవు అందులో. అన్నీ పొట్టి అక్షరాలు, తేదీలు, రబ్బరు స్టాంపులు. ఎత్తు, ఛాతీ కొలత, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. 1969లో చేరిక, 1986లో విడుదల. చేరినప్పుడు సాపర్, బయటికి వచ్చినప్పుడు హవల్దార్. మామూలు పదాతి దళంలో సిపాయి అన్నవాణ్ణి ఇంజినీర్ల దళంలో సాపర్ అంటారు. నాన్నది బెంగళూరు అలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్. 1780 నుంచీ ఉన్న దళం అది. వంతెన కట్టడం, రోడ్డు వేయడం, మందుపాతరలు పెట్టడం, తియ్యడం వాళ్ల పని. పెళ్లి, మా ఇద్దరి పుట్టుక కూడా ఆర్మీ ఉత్తర్వుల్లోకి ఎక్కాయి. నేను పుట్టిన సంగతి భారత సైన్యానికి అధికారికంగా తెలుసన్నమాట. అన్నయ్య మాత్రం "నీ రాకకి ఎదురుదాడి ఏమన్నా చేశారేమో చూడు" అన్నాడు.

మెడల్స్ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. రిబ్బన్లు ముక్కిపోయాయి. మెడల్ అంచుని వెలుతురుకి పెట్టి తిప్పితే నంబరూ, పేరూ చెక్కి కనిపిస్తాయి. మీ ఇంట్లో ఉన్న మెడల్ ఎవరిదో తెలియకపోతే ముందు అక్కడ చూడండి. 1971 యుద్ధం అనగానే మనకి ఢాకా, 93,000 మంది బందీలు, ఆ లొంగుబాటు సంతకం ఫొటో గుర్తొస్తాయి. తూర్పున పోరాడినవాళ్లకి పూర్వీ స్టార్ ఇచ్చారు. నాన్న డబ్బాలో ఉన్నది పశ్చిమీ స్టార్.

రికార్డ్ ఆఫీసుకి నంబరు, ర్యాంకు, పేరు రాసి, మరణ ధ్రువపత్రం, అమ్మ సంతకం జతచేసి ఉత్తరం పెట్టాను. జవాబు వెంటనే రాలేదు, వచ్చాక మాత్రం ఏ సంవత్సరం ఏ యూనిట్‌లో ఉన్నాడో వరసగా తెలిసింది. 1971లో నాన్న 9 ఇంజినీర్ రెజిమెంట్‌లో ఉన్నాడు. ఆ పేరు పట్టుకుని చదవబోతే బసంతర్ అనే చిన్న నది దగ్గర తేలాను. రావి నదిలో కలిసే ఉపనది. పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ ప్రాంతంలో డిసెంబరు 15 రాత్రి మన 54వ డివిజన్ ఆ నదిని దాటింది. దాటాలంటే అవతల చాలా దూరం పరిచిన మందుపాతరల్లో ట్యాంకులకి దారి తియ్యాలి. తీసింది ఈ రెజిమెంటే. తర్వాత వాళ్లకి 'బసంతర్ నది' అనే యుద్ధ గౌరవం దక్కింది. ఆ పోరులో పరమవీర చక్ర పొందిన అరుణ్ ఖేత్రపాల్ పేరు చాలామందికి తెలుసు. ఆయన ట్యాంకుకి దారి చేసిన సాపర్లలో మహావీర చక్ర పొందిన మేజర్ విజయ్ రతన్ చౌధరి పేరు అంతగా తెలియదు. ఆయన అక్కడే చనిపోయారు.

పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. నాన్న ఆ రాత్రి ఏం చేశాడు? పెట్టెలో ఒక గ్రూప్ ఫొటో వెనక కొన్ని పేర్లూ ఊళ్లూ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. రిటైరైన సాపర్ల వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో పెట్టించాం. వేలూరు దగ్గరి పల్లె నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. సగం హిందీ, సగం తమిళం, మధ్యలో నాన్న నేర్పిన నాలుగు తెలుగు ముక్కలు, వాటిలో రెండు ఇక్కడ రాయదగ్గవి కావు. తర్వాత నేనూ అన్నయ్యా వాళ్ల ఊరు వెళ్లాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. "భయం వేసిందా అంకుల్?" అని అడిగితే "లేదమ్మా" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. "కాళ్లకి ఏం వేసుకున్నారు? ఎక్కడ పడుకున్నారు? చేతిలో ఏముంది?" అని అడిగితే గంటసేపు చెబుతారు. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టి మర్చిపోవడం మంచిది. చేతిలో పెన్నూ కాగితం కనిపిస్తే ఎక్కడలేని మర్యాద వచ్చి గొంతు మారిపోతుంది.

చేతిలో ప్రాడర్ ఉందన్నాడు వేలూరు ఆయన. సన్నని ఇనప చువ్వ. బోర్లా పడుకుని దాన్ని నేలలోకి నిలువుగా కాదు, ఏటవాలుగా గుచ్చాలి, పాతర పై భాగం మీద కాకుండా పక్కన తగిలేలా. మెల్లగా గుచ్చు, తియ్యి, కొంచెం జరుగు, మళ్లీ గుచ్చు. గట్టిగా తగిలిందా, అక్కడ ఆగు. చేత్తో మట్టి తొలుచుకుంటూ వెళ్లు. వెనక ఇంకొకడు తెల్ల టేపు పరుచుకుంటూ వస్తాడు, ఇంతవరకూ దారి బాగుందని. డిసెంబరు రాత్రి, చేతులు కొంకర్లు పోయే చలి. "మీ నాన్న నాకు కుడి పక్కన ఉన్నాడు. కుడి చేతికి గ్లౌజు తీసేశాడు. ఎందుకురా అంటే, అది వేసుకుంటే తగిలింది రాయో ఇనుమో తెలియట్లేదు అన్నాడు. తెల్లారేసరికి ఆ వేళ్లు ముడుచుకోలేదు." చలి గురించి నాన్న చెప్పినప్పుడల్లా కుడి చేతి వేళ్లు రుద్దుకోవడం నాకు గుర్తుంది. అంతకుమించి ఆయన మాకేమీ చెప్పలేదు.

దారి పూర్తిగా తియ్యకముందే అవతలి ఒడ్డున శత్రు ట్యాంకుల కదలిక కనపడింది. ఇక ఆగే వీల్లేక మన ట్యాంకులు మిగిలిన పాతర్ల మధ్య నుంచే దూసుకెళ్లాయి. "మేం జానెడు జానెడు జరుగుతున్నాం. వాళ్లు మా పక్క నుంచి దడదడా వెళ్లిపోయారు. మీ నాన్న తల పైకెత్తి 'వీళ్లకి మనం అక్కర్లేదేమో' అన్నాడు" అని ఆయన నవ్వాడు. డిసెంబరు 17 రాత్రి 8 గంటలకి కాల్పులు ఆగాయి. ఆ రెండు రోజుల్లో చూసిన చావుల గురించి కూడా చెప్పాడు. చెప్పాక, అవి రాయొద్దన్నాడు. రాయలేదు.

ఇక నాన్న ముంజేతి మీది మచ్చ. మోచేతి దాకా పాకిన ఆ మచ్చ యుద్ధంలో తగిలిన గాయమని మా బంధువర్గంలో అందరికీ తెలుసు. పెళ్లిళ్లలో పిల్లలకి చూపించేవాళ్లు. పెట్టె అడుగున 1974 నాటి ఇంజురీ రిపోర్ట్ కార్బన్ కాపీ దొరికింది. బెయిలీ వంతెన, అంటే ఇనప ప్యానెళ్లు బిగించి కట్టే వంతెన, కట్టే ప్రాక్టీసులో ఒక ప్యానెల్ జారి చెయ్యి గీరుకుపోయిందట. ఆ ప్యానెల్ ఒక్కోటి 260 కిలోల దాకా ఉంటుంది, ఆరుగురు కర్రలు దూర్చి మోస్తారు. అమ్మకి చూపిస్తే కాగితం వైపు కూడా చూడలేదు. "యుద్ధంలో తగిలిందని నేనెప్పుడైనా చెప్పానా? మీరే అనుకున్నారు. ఆయన కాదనలేదు, నేనూ కాదనలేదు" అంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వేశాం. మా పెద్ద మామయ్య ఇంకా నమ్మట్లేదు.

రెండో డ్యూటీ గురించి రాయడం తేలికనుకున్నాను, ఎందుకంటే అది మా కళ్ల ముందే జరిగింది. ఉక్కునగరం క్వార్టర్‌లో పెరిగాం. ఏ షిఫ్ట్, బి షిఫ్ట్, సి షిఫ్ట్‌ని బట్టే ఇంట్లో వంటా, టీవీ సౌండూ నడిచేవి. తీరా రాయబోతే లోపల నాన్న ఏం చేసేవాడో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆయనతో చాలా ఏళ్లు పనిచేసిన ఒకాయన కూర్మన్నపాలెంలో ఉంటే వెళ్లి కూర్చున్నాను. ఆయన నాన్నని పేరుతో పిలవడు, 'మిలిటరీ' అంటాడు. ప్లాంట్‌లో సైన్యం నుంచి వచ్చిన వాళ్లందరూ మిలిటరీలే, ఏ మిలిటరీ అంటే కోక్ ఓవెన్ మిలిటరీ అని చెప్పాలట.

నాన్న చేరింది 1988లో, ప్లాంట్ ఇంకా కడుతుండగా. ఇనుము కరగాలంటే కోక్, అంటే గాలి తగలకుండా కాల్చిన బొగ్గు, కావాలి, అందుకని బ్లాస్ట్ ఫర్నేస్ కన్నా ముందు కోక్ ఓవెన్ వెలగాలి. 'గోదావరి' అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో వెలిగింది, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంట్‌ని జాతికి అంకితం చేశారు. ఓవెన్ల వరసని బ్యాటరీ అంటారు, ఒక్కో బ్యాటరీలో 67 ఓవెన్లు, ఏడు మీటర్ల ఎత్తు, లోపల వెయ్యి డిగ్రీల వేడి. పైన బొగ్గు పోసే చోట నడవాలంటే బూట్ల కింద చెక్క అడుగులు కట్టుకోవాలి, లేకపోతే రబ్బరు సోలు కరిగి నేలకి అతుక్కుంటుంది. "మిలిటరీ కొత్త కుర్రాళ్లని మొదటి రోజు ఏ పనీ చెయ్యనిచ్చేవాడు కాదు పాపా. ఊరికే నించోబెట్టి, ఏ మూత దగ్గర పొగ లేస్తందో చూసి చెప్పమనేవాడు. చూడ్డం రానోడు ఇక్కడ కాలెట్టకూడదనేవాడు."

ఇది విన్నాక నాకు ఒక ఆలోచన వచ్చింది. బసంతర్ దగ్గరా, బ్యాటరీ మీదా నాన్న చేసింది ఒకటే పని, ముందు నేల చూడడం, తర్వాత అడుగు వెయ్యడం. అన్నయ్యకి చెబితే "నువ్వు కథ అల్లుతున్నావ్. ఆయన ఉద్యోగం కావాలి కాబట్టి చేశాడు, ఎక్స్ సర్వీస్‌మెన్ కోటాలో వచ్చింది, చేరాడు" అన్నాడు. అదీ నిజమే. రెండూ వేశాం.

ఒక సంగతి మాత్రం బాబాయ్ చెబితే తప్ప తెలిసేది కాదు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమం జరిగినప్పుడు నాన్నకి పదహారేళ్లు. పెద్దవాళ్లతో పాటు వెళ్లి రైలు పట్టాల మీద కూర్చున్నాడట, తాతయ్య వెళ్లి చెవి మెలిపెట్టి తీసుకొచ్చాడట. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ ప్లాంట్‌లోనే నాన్న రిటైరయ్యేదాకా పనిచేశాడు. పట్టాల మీద కూర్చున్న సంగతి ఇంటర్వ్యూలో చెప్పావా అని బాబాయ్ అడిగితే "వాళ్లు అడగలేదు" అన్నాడట.

మూడో డ్యూటీకి మాత్రం నాన్న స్వయంగా రికార్డు పెట్టాడు. ప్లాంట్ వాళ్లు ఏటా ఇచ్చే డైరీల్లో ఉద్యోగం గురించి ఒక్క ముక్క లేదు, అంతా నీళ్లూ గాలీ చేపలూ. ఒక పేజీ ఇలా ఉంది: "తూర్పు గాలి. నీరు మూర తగ్గింది. కొరమీను పిల్లలు ఎర్రగా గుంపు తిరుగుతున్నాయి. గాలం వెయ్యలేదు." కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, కొత్త పిల్లల గుంపు కింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతాయి. అప్పుడు ఎర వేస్తే పిల్లల మీదికొచ్చిన శత్రువనుకుని ఇట్టే అందుకుంటాయి. చాలామంది అదే అదను అనుకుంటారు. నాన్న ఆ వారం కర్ర విప్పకుండా ఇంటికి వచ్చేసేవాడు. మాకు ఆ రోజు చారు. అమ్మ తిట్లు నంచుకోవడానికి.

కొండకర్ల ఆవకి మాత్రం గాలం లేకుండా వెళ్లేవాడు. అనకాపల్లి దగ్గర ఉన్న ఆ మంచినీటి సరస్సులో తాటి మాను దోనెలు రెండు జతగా కట్టి నడుపుతారు. ఒకసారి నన్నూ ఎక్కించాడు, కదిలితే నీళ్లు లోపలికి వస్తాయి. నత్తగుల్లకొంగ ముక్కు మధ్య సందు ఎందుకుందో, నీటికాకి రెక్కలు చాపి ఎందుకు ఆరబెట్టుకుంటుందో అక్కడే చెప్పాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి దోనె మీద ఆపకుండా మాట్లాడాడు. పుస్తకం కోసం ఆ దోనె నడిపిన ఆయన్ని వెతుక్కుంటూ వెళ్తే, "మీ నాన్న కూకున్నాడంటే కదలడమ్మా. పక్క నుండి పామెల్లినా కదలడు. తలతిప్పి చూసి, ఏ పామో నాకు చెప్పీవోడు" అన్నాడు.

అనంతగిరి వైపు వెళ్లాలంటే కిరండూల్ పాసింజరే. కిటికీ పక్క సీటు మాకిచ్చి, తను తలుపు దగ్గర నిలబడేవాడు. వంతెన వచ్చినప్పుడల్లా "కింద స్తంభాలు చూడండి, లోయ చూడకండి" అని అరిచేవాడు. లోయ చూడ్డానికే కదా జనం ఆ రైలెక్కేది.

అన్నీ పోగయ్యాక అసలు తగాదా మొదలైంది. నాన్నకి కోపం ఎక్కువ. పొద్దున్న అయిదుకి లేవకపోతే మంచం కోడు పట్టుకుని ఎత్తేసేవాడు. బెల్టు తీసిన రోజులూ ఉన్నాయి. అవి రాయాలని అన్నయ్య, పోయిన మనిషి గురించి అవేం మాటలని అమ్మ. చివరికి ఒక పేరా ఉంచాం. అన్నయ్యే రాశాడు, నేను ఒక్క అక్షరం మార్చలేదు. అమ్మ చదివి ఏమీ అనలేదు. దాని బదులు క్యాంటీన్ రమ్ము సంగతి తీసేయమంది. నాన్న తాగడు, కానీ ఆయన కోటా ఏ తారీఖుకి వస్తుందో మా బంధువులందరికీ కంఠతా వచ్చు, ఆ వారమే అందరికీ ఆయన మీద అభిమానం పొంగేది. ఆ వాక్యం తీస్తే మా మామయ్యల గురించి రాయడానికి ఇంకేం మిగలదు కాబట్టి అదీ ఉంచాం.

సంవత్సరీకం నాడు పుస్తకాలు పంచాం. తెలుగు రాని వేలూరు అంకుల్‌కి ఒక కాపీ పోస్టులో పంపితే, మనవడి కాలేజీ స్నేహితుడెవరో తెలుగువాడట, వాడిచేత మొత్తం చదివించుకుని ఫోన్ చేశాడు. ఫొటోలో ఎడమ నుంచి మూడోవాడి ఊరు నేను తప్పు వేశానన్నాడు. నాన్న తన కుడి పక్కన ఉన్నాడని చెప్పింది కూడా కరెక్టు కాదట, ఆలోచిస్తే ఎడమ పక్కే అనిపిస్తోందట. "ఖాయమా అంకుల్?" అన్నాను. ఇంకో మనిషి తమిళనాడులోని తేని ఊరి దగ్గర బతికే ఉన్నాడు, అతన్ని అడిగి చెబుతానన్నాడు. రెండో ముద్రణ ఆ ఫోన్ కోసం ఆపాం.